సాక్ష్యంలో మర్యాద, మర్యాదలో సత్యం

ఖానాపూర్ వంటి ఊళ్లో మతాన్ని గురించిన మాట సభావేదికల మీద కన్నా బస్టాండు బెంచీల మీద ఎక్కువగా నడుస్తుంది. సదర్‌మాట్ కాలువ కింద వరి పండించే రైతు, బీడీలు చుట్టే ఇల్లాలు, గోండు గూడెం నుంచీ లంబాడా తాండా నుంచీ అంగడికి వచ్చినవారు, దుబాయి నుంచి సెలవు మీద ఊరికి చేరిన యువకుడు, అందరూ అక్కడే బస్సు కోసం ఎదురుచూస్తారు. తెలుగు, ఉర్దూ, గోండి, లంబాడీ భాషలు కలిసే ఆ చోట ఒక క్రైస్తవుడు పక్కన కూర్చున్న ముస్లింకు తన విశ్వాసాన్ని చెప్పదలచుకుంటే ఎలా చెప్పాలి? ముస్లిం దాన్ని ఎలా వినాలి? చూడడానికి ఇది చిన్న ప్రశ్నే. కాని ఇరుగుపొరుగు సంబంధాలు నిలిచేదీ తెగేదీ ఇక్కడే.

ఈ ప్రశ్నకు క్రైస్తవ ప్రపంచం ఇచ్చుకున్న జవాబుల్లో ముఖ్యమైనది 2011 జూన్ 28న జెనీవాలో వెలువడింది. ‘బహుమత ప్రపంచంలో క్రైస్తవ సాక్ష్యం’ అనే ఆ పత్రాన్ని ప్రపంచ చర్చిల మండలి, వాటికన్‌కు చెందిన మతాంతర సంభాషణ మండలి, ప్రపంచ ఇవాంజెలికల్ కూటమి ఉమ్మడిగా రూపొందించాయి. 2006లో ఇటలీలో మొదలైన సంప్రదింపులు 2011లో బ్యాంకాక్ సమావేశంతో ముగిశాయి. అయిదేళ్ల శ్రమకు ఫలితం అయిదు పేజీలు. అందులో పన్నెండు సూత్రాలు, ఆరు సిఫారసులు ఉన్నాయి. తమలో తమకు ఎన్నో విభేదాలున్న ఈ మూడు వర్గాలు, ఏ పద్ధతులు తగనివో చెప్పడంలో ఏకాభిప్రాయానికి రావడం మెచ్చుకోదగిన విషయం.

పత్రం తన విశ్వాసాన్ని దాచుకోదు. సాక్ష్యం చెప్పడం చర్చి స్వభావంలోనే ఉన్నదని ప్రారంభంలోనే ప్రకటిస్తుంది. అయితే ఆ సాక్ష్యం సౌమ్యంగా, గౌరవంతో సాగాలని పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయాన్ని ఆధారంగా చూపుతుంది. బీదరికాన్ని, అవసరాన్ని ఆసరా చేసుకోరాదని, డబ్బు రూపంలో గాని మరో రూపంలో గాని ప్రలోభం చూపరాదని అంటుంది. రోగి నిస్సహాయతను వాడుకోరాదని హెచ్చరిస్తుంది. ఇతరుల మతాన్ని గురించి అబద్ధ సాక్ష్యం పలకరాదని, ముందుగా విని నేర్చుకోవాలని చెబుతుంది. మతం మార్చుకోవడం ఒక మనిషి జీవితంలో నిర్ణాయకమైన అడుగు గనుక అతనికి ఆలోచించుకునేందుకు చాలినంత వ్యవధి ఉండాలని కోరుతుంది.

ఈ మాటల విలువ తెలియాలంటే వెనుకటి చరిత్రను కొంత జ్ఞాపకం చేసుకోవాలి. 1854 ఏప్రిల్‌లో ఆగ్రాలో పాదరీ ఫాండర్‌కూ మౌలానా రహ్మతుల్లా కైరాన్వీకీ జరిగిన వాదన ఉపఖండపు ముస్లింలకు నేటికీ గుర్తే. అక్కడ పాలకుల మతం ఒక పక్షం, పాలితుల మతం మరొక పక్షం. అది గెలుపు ఓటముల పోటీ. నూట ఇరవై రెండేళ్ల తర్వాత, 1976 జూన్‌లో, జెనీవా దగ్గరి షాంబేసీలో క్రైస్తవ, ముస్లిం విద్వాంసులు పందెం లేకుండా కూర్చున్నారు. ఇస్మాయీల్ రాజీ ఫారూఖీ, ఖుర్షీద్ అహ్మద్ వంటివారు అందులో పాల్గొన్నారు. విద్య, వైద్యం వంటి సేవలను మతమార్పిడి సాధనాలుగా వాడడాన్ని ఆ సమావేశం ఖండించింది. ప్రచారం చేసుకునే హక్కు, నచ్చజెప్పే హక్కు, నచ్చజెప్పబడే హక్కు ఇరుపక్షాలకూ ఉన్నాయని కూడా ఒప్పుకున్నది. 2011 నాటి పత్రంలో వినిపించేది చాలావరకు ఆ నాటి ముస్లింల ఫిర్యాదుకు దొరికిన జవాబే.

తెలంగాణ నేల మీద కూడా ఈ మార్పు జాడలున్నాయి. దోర్నకల్‌లో పనిచేసిన వి. ఎస్. అజరయ్య 1910లో ఎడింబరో మహాసభలో తెల్లదొరల ఎదుటనే ఒక చేదు నిజం చెప్పాడు. మిషనరీల త్యాగాలకు కృతజ్ఞత తెలుపుతూనే, దేశీయులు కోరేది పైనుంచి కురిసే దయ కాదనీ, సమానులుగా చూసే స్నేహితులు కావాలనీ కోరాడు. 1912లో ఆయనే దోర్నకల్‌కు బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయన. మరో జాడ హెన్రీ మార్టిన్ సంస్థ. ముస్లింల మధ్య పనిచేయబోయే క్రైస్తవులకు శిక్షణ ఇవ్వడానికి 1930లో లాహోరులో మొదలైన ఈ సంస్థ అలీగఢ్ మీదుగా 1970ల ఆరంభంలో హైదరాబాదు చేరింది. 1990లో పాతబస్తీలో జరిగిన ఘర్షణల తర్వాత అది సహాయ, సయోధ్య కార్యక్రమాల్లోకి దిగింది. ముస్లింలకు చెప్పడం కోసం పుట్టిన సంస్థ ముస్లింలతో కలిసి పనిచేయడం నేర్చుకోవడం చిన్న మార్పు కాదు.

ఇంతవరకు పత్రాన్ని ప్రశంసించవలసిందే. అయితే అది ఆగిపోయిన చోట్లు రెండున్నాయి.

మొదటిది సేవకు సంబంధించినది. సేవను ఎరగా వాడవద్దని చెప్పడం తేలిక. సేవ ఎక్కడ ముగుస్తుందో, ఆహ్వానం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. దవాఖానా వార్డులో జ్వరంతో పడుకున్న బిడ్డ పక్కన తల్లి కూర్చుని ఉంది. తెలిసిన క్రైస్తవురాలు వచ్చి పండ్లు ఇచ్చి, ప్రార్థన చేయనా అని అడుగుతుంది. అడిగినది మనసారా అడిగినదే కావచ్చు. కాని ఆ తల్లి అప్పుడు కాదనగల స్థితిలో ఉందా? పండ్లు తీసుకున్న చేయి వెంటనే వద్దని చెప్పగలదా? ఇవ్వజూపినది మంచిదైనంత మాత్రాన మర్యాద నెరవేరదు. ఎదుటివారు జంకు లేకుండా కాదనగలగాలి. కాదన్న మరునాడు కూడా పండ్లు రావాలి. ప్రలోభాన్ని నిషేధించిన పత్రం ఈ ‘కాదు’ తర్వాతి రోజును గురించి విడిగా ఏమీ చెప్పలేదు. నిత్యజీవితంలో అసలు పరీక్ష ఆ రోజుదే.

రెండవది భాషకు సంబంధించినది. మోసపు పద్ధతులు సువార్తకే ద్రోహమని పత్రం అంటుంది. కాని మాటల్లో మోసం ఎలా దూరుతుందో వివరించదు. తెలుగులో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ‘ప్రభువు’ అనే మాటనే తీసుకుంటే, దివ్య ఖుర్ఆన్ తెలుగు అనువాదాల్లో అది ‘రబ్బ్’ అనే పదానికి వాడుక. తెలుగు క్రైస్తవుని నోట అది చాలాసార్లు యేసును సూచిస్తుంది. ప్రభువు దయగలవాడని బస్టాండులో ఒకరంటే పక్కనున్న ముస్లిం నిస్సంకోచంగా తల ఊపుతాడు. ఇద్దరూ ఏకీభవించినట్టే ఉంటుంది, నిజానికి ఇద్దరూ చెప్పుకున్నది వేరు. ‘రక్షణ’ సంగతీ ఇంతే. క్రైస్తవునికి అది క్రీస్తు బలి ద్వారా పాపం నుంచి విడుదల. ముస్లిం చెవికి అది ఆపద నుంచి కాపుదల. పరలోక సాఫల్యాన్ని ముస్లిం ‘నజాత్’ అంటాడు. అందులో ఒకరి పాపభారాన్ని మరొకరు మోయడం అనే భావన లేదు.

ఇలాంటి చోట చెప్పేవాడికి రెండు దారులున్నాయి. మాటల పోలికను ఆసరాగా తీసుకుని తేడాను మరుగుపరచవచ్చు. లేదా ఆగి, తాను ఏ అర్థంలో అంటున్నాడో విప్పి చెప్పవచ్చు. మొదటిది మృదువుగా వినిపిస్తుంది. రెండవది కొంచెం ఇబ్బంది పెడుతుంది. అయినా గౌరవం ఉన్నది రెండవ దారిలోనే.

క్రైస్తవులలోనే ఈ విషయమై పెద్ద వివాదం నడిచింది. ముస్లిం పాఠకుల కోసం చేసిన కొన్ని బైబిలు అనువాదాల్లో ‘దేవుని కుమారుడు’ అనే మాటకు బదులు మరో మాట వాడారని కొందరు, అర్థం చెడకుండా అపార్థాన్ని తొలగించడమే ఉద్దేశమని మరికొందరు వాదించుకున్నారు. 2012లో విక్లిఫ్ అనువాద సంస్థలు తమ పద్ధతిని పరిశీలించవలసిందిగా ప్రపంచ ఇవాంజెలికల్ కూటమిని కోరాయి. 2013 ఏప్రిల్‌లో వెలువడిన పరిశీలక సంఘం నివేదిక తండ్రి, కుమారుడు అనే పదాలను ఆయా భాషల్లోని సూటి పదాలతోనే అనువదించాలని సూచించింది. వివరణ కావాలంటే పక్కన చేర్చవచ్చునన్నది. ముస్లిం పాఠకుడు ఈ నిర్ణయాన్ని విని నొచ్చుకోనక్కరలేదు. ఆ నమ్మకం అతనికి సమ్మతం కాదు. కాని సమ్మతం కాని దాన్ని ఉన్నదున్నట్టు అతని ముందు పెట్టడమే అతని బుద్ధిని గౌరవించడం. మెత్తబరచి పెట్టడమంటే అతను ఆలోచించి నిర్ణయించుకోలేడని తలచడమే.

ఇస్లాం చరిత్రలో దీనికి అతి చక్కని నిదర్శనం అబిసీనియా ఘటన. మక్కా హింస తాళలేక వలస వెళ్లిన ముస్లింలు క్రైస్తవ రాజు నజ్జాషీ ఆశ్రయంలో ఉన్నారు. జాఫర్ బిన్ అబూతాలిబ్ (రజి) మర్యమ్ సూరా పఠించగా రాజు కన్నీరు పెట్టుకున్నాడు. మరునాడు ఖురైషుల దూత ఎత్తు వేశాడు. ఈసా (అ)ను గురించి వీళ్లు ఘోరమైన మాట అంటారు, అడిగి చూడండి అన్నాడు. ముస్లింలు తమలో తాము ఆలోచించుకున్నారు. దాటవేస్తే ఆశ్రయం నిలుస్తుంది, ఉన్నది చెబితే పోవచ్చు. చివరకు ఏమైనా సరే, అల్లాహ్ తెలిపినదే చెప్పాలని తీర్మానించుకున్నారు. ఈసా అల్లాహ్ దాసుడు, ఆయన ప్రవక్త అని జాఫర్ (రజి) రాజుకు విన్నవించారు. అల్లాహ్ మర్యమ్ వైపు పంపిన వాక్కు అనీ, ఆయన నుంచి వచ్చిన ఆత్మ అనీ వివరించారు. తమ ప్రాణాలు ఎవరి చేతిలో ఉన్నాయో ఆ రాజు ఎదుట, ఆయన నమ్మకానికి భిన్నమైన మాటను వినయంగా, దాపరికం లేకుండా పలికారు. మర్యాద, సత్యం ఒకదానికొకటి విరోధులు కావని ఆ సభ నిరూపించింది.

ఈ కొలమానాన్ని క్రైస్తవులకు మాత్రమే పెట్టి ఊరుకోవడం న్యాయం కాదు. తెలుగు ముస్లింల ధర్మప్రచారం కూడా ఇదే తక్కెడలో తూగాలి. క్రైస్తవ యువకునితో మేమూ ఈసాను నమ్ముతామని చెప్పి అక్కడితో ఆపేవారు ఉన్నారు. అది నిజమే. కాని సిలువ మరణాన్ని, దైవపుత్రత్వాన్ని ఇస్లాం నిరాకరిస్తుందని చెప్పకుండా ఆపితే అది సగం నిజం. జాఫర్ (రజి) చెప్పినది సగం కాదు. త్రిత్వాన్ని మూడు దేవుళ్ల లెక్కగా ఎగతాళి చేయడం, బైబిలును పూర్తిగా చదవకుండా నాలుగు వాక్యాలు ఏరి వాదనకు దిగడం, చర్చను కుస్తీపోటీగా మార్చి చప్పట్లు లెక్కపెట్టుకోవడం కూడా వాడుకలో ఉన్నవే. గ్రంథప్రజలతో ఉత్తమమైన పద్ధతిలో తప్ప వాదించవద్దని అన్‌కబూత్ సూరా, వివేకంతో చక్కని ఉపదేశంతో పిలవమని నహ్ల్ సూరా ఆజ్ఞాపించిన తర్వాత ఈ ధోరణికి సమర్థన ఎక్కడిది? 2007 అక్టోబరులో నూట ముప్పై ఎనిమిది మంది ముస్లిం విద్వాంసులు ఆలి ఇమ్రాన్ సూరాలోని పిలుపును ఆధారం చేసుకుని క్రైస్తవ మతాధిపతులకు రాసిన లేఖ ఈ దిశలో మంచి అడుగు. కాని ఆ లేఖ రోముకు చేరినంతగా ఖానాపూర్‌కు చేరలేదు.

ఇక అన్నిటికన్నా బరువైన ప్రశ్న స్వేచ్ఛది. మత విషయంలో బలవంతం లేదని బఖరా సూరా ప్రకటించింది. ఆ వాక్యాన్ని ఇతరుల ఎదుట గర్వంగా వినిపించే ముస్లిం, తన వాడకట్టులో ఒక పిల్లవాడు ఎవరో ఇచ్చిన సువార్త పుస్తకం చదువుతూ కనిపిస్తే ఏం చేస్తున్నాడు? పుస్తకం లాక్కుంటున్నాడా, లేక పక్కన కూర్చుని దానిలో ఏముందో కలిసి చదివి, ఇస్లాం ఏమంటుందో ఓపికగా చెబుతున్నాడా? మొదటి పని భయం. రెండవ పని విశ్వాసం. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, రాజ్యాంగం ఇచ్చిన మతప్రచార హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అయినా నైతికంగా అందులో ఒక సత్యం ఉంది. హృదయాన్ని మార్చడం ఏ ప్రచారకుని చేతిలోనూ లేదు. హిదాయత్ ఇచ్చేది అల్లాహ్ మాత్రమేనని నమ్మే ముస్లింకు ఇది కొత్త సంగతి కాదు.

కనుక 2011 నాటి పత్రాన్ని ముస్లిం పాఠకులు అనుమానంతో పక్కన పెట్టకుండా చదవాలి. ఉచ్చు వెతకడానికి కాదు, తమకూ అటువంటి పత్రం ఒకటి అవసరమేమో తెలుసుకోవడానికి. అందులో లేని రెండు మాటలను తమ వంతుగా చేర్చుకోవచ్చు. చెప్పేది మొత్తం చెప్పాలి. విన్నవాడు కాదన్న తర్వాత కూడా పొరుగు పొరుగుగానే ఉండాలి.

ఖానాపూర్ బస్టాండులో ఆ ఇద్దరూ తమ తమ మాటలు చెప్పుకుని, ఒప్పుకోకుండానే లేచి ఎవరి బస్సు వారు ఎక్కవచ్చు. వచ్చే అంగడి నాడు మళ్లీ కలిసినప్పుడు ఒకరినొకరు చూసి ముఖం తిప్పుకోకుండా, బిడ్డ జ్వరం తగ్గిందా అని అడగగలిగితే, ఆ సాక్ష్యం మర్యాదగానే జరిగిందని చెప్పవచ్చు.