ఒక కెమెరా కిందికి దించండి

పియానో మీద రాగం వాయించమనడం, జారకుండా జారుబండ దిగమన్నట్టే. మీట నొక్కితే లోపల సుత్తి తీగను కొడుతుంది. కొట్టిన క్షణం నుంచే నాదం సన్నగిల్లుతుంది. వీణలోలా తీగను లాగే వీల్లేదు, వయొలిన్‌లోలా కమానుతో సాగదీసే వీలూ లేదు. గమకం పలకదన్న ఇదే లోపం చూపి 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. హార్మోనియం లేనిదే పద్యం ఎత్తుకోని మన నాటకాలవాళ్లు ఏమనుకున్నారో మరి!

ఆ నిషేధం వెలువడిన ఢిల్లీ నుంచే వచ్చాడు 'రాగా పియానిస్ట్' ఉత్సవ్ లాల్. ధ్రుపద్ గాయకుడు వాసిఫుద్దీన్ డాగర్ శిష్యుడు. లాల్ ఆలాపనలోని నిదానం అక్కడిదే అనిపిస్తుంది నాకు.

ఇలాంటి కచేరీల వీడియోల్లో నేను వెతికేది కుడిపాదం కోసం. వేళ్లు పక్క మీటను చటుక్కున తాకి అసలు స్వరం మీద వాలితే చెవి దాన్ని మీండ్ అని, అంటే స్వరం నుంచి స్వరానికి జారడమని నమ్మేస్తుంది, నిజమే. కానీ ఆ నమ్మకాన్ని నిలబెట్టేది పెడల్. తొక్కితే తీగల మీది ఒత్తులు లేస్తాయి. కొట్టని తీగలు కూడా సన్నగా పలికి తంబురా తోడిస్తాయి. ఓ క్షణం ఎక్కువ తొక్కారా, వదిలేసిన మధ్యమం పంచమానికి అడ్డుపడి కల్యాణి కాస్తా కలగాపులగం. అందుకే సగం ఎత్తడం, మళ్లీ తొక్కడం. శైలంతా అక్కడే ఉంది.

బ్రిటన్‌కు చెందిన జెఫ్ స్మిత్ 'ఫ్లూయిడ్ పియానో' చేశాడు. అందులో ఏ స్వరం శ్రుతినైనా వాయిస్తూనే జరుపుకోవచ్చు. లాల్ దానిమీద 2016లో సోలో ఆల్బమ్ తెచ్చాడు. బాగుంది. అయినా నా ఓటు మామూలు పియానోకే. పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్ పట్టినప్పుడూ పెద్దలు పెదవి విరిచారు. ఆయనకు కనీసం తీగ వేలికి అందేది. పియానో వాయించేవాడికి అదీ లేదు. లేనిదాన్ని వినిపించడంలోనే నాకు రుచి.

గ్లెన్ గూల్డ్ బాఖ్‌ను వాయిస్తుంటే చేతులు చూపిస్తే చాలు, పెడల్ వాడకం బహు తక్కువ. రాగానికి అలా కుదరదు. ఢిల్లీలో కచేరీలు చిత్రీకరించే మిత్రులారా, కళాకారుడి మూసిన కళ్లు చాలాసార్లు చూశాం. ఈసారి ఒక కెమెరాను పెడల్ దగ్గర పెట్టండి.