మాయాబజార్ వెన్నెల

1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’లోని పడవ పాటను చూడని తెలుగువారి ఇల్లు మన మారిషస్‌లో అరుదు. మూడు జంటలు వంతులవారీగా ఆ పడవ ఎక్కుతారు. ముందు అభిమన్యుడు, శశిరేఖ. తరువాత కృష్ణుడు, రుక్మిణి. చివరికి పెద్దవారైన బలరాముడు, రేవతి కూడాను. ఘంటసాల, లీల గొంతులను గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకొన్నాము. ఆ వెన్నెలను ఎవరు చేశారో మాత్రం మాట్లాడుకోలేదు. ఈ మధ్య మన కుర్రవారు కెమేరాలు పట్టి పెళ్ళిళ్ళు, నాటకాలు, రామభజనలు తీస్తున్నారు. కొందరు సినిమా ఛాయాగ్రాహకులు కావాలని కూడా ఆశపడుతున్నారు. వారి కోసం ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

వెన్నెలను ‘చేశారు’ అని తెలిసే అన్నాము. నిండు పున్నమి వెలుగు ఎండలో సుమారు 4 లక్షలవ వంతు. ఆనాటి ఫిల్ముకు అది ఏ మూలకూ చాలదు. కనుక తెర మీద కనిపించేది చంద్రుడిచ్చినది కాదు, మనుషులు అమర్చినది. దీపం పాత్రల వెనుక, ఎత్తున ఉండాలి. అప్పుడు జుట్టు అంచు, భుజం అంచు సన్నగా మెరుస్తాయి, నీటి మీద తళుకు పడుతుంది. ముఖం మరీ నల్లబడకుండా కెమేరా పక్కనుండి మెత్తని వెలుగు కొంచెం వేయాలి. అది కాస్త ఎక్కువైతే రాత్రి పోయి పగలవుతుంది. తక్కువైతే పాడుతున్నది ఎవరో తెలియదు. మార్కస్ బార్ట్‌లే గొప్పతనమంతా ఆ ‘కొంచెం’లో ఉన్నది. నిష్కర్షగా చెప్పాలంటే శశిరేఖ ముఖం వెన్నెలకు తగినదానికన్నా ఒక పాలు ఎక్కువే వెలిగింది. సావిత్రి ముఖాన్ని చీకటిలో పెట్టడానికి ఏ నిర్మాత ఒప్పుకొంటాడు? ఆ బేరం కూడా ఛాయాగ్రాహకుని పనిలో భాగమే.

బార్ట్‌లే ఆంగ్లో ఇండియన్. తెలుగు ఆయన ఇంటి భాష కాదు. అయినా ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955) ఆయన కెమేరా పనితనంతోనే వచ్చాయి. సాయంకాలపు తరగతులలో కూర్చుని అక్షరాలు దిద్దుకొన్న మా వంటివారికి ఈ సంగతి కొంత ధైర్యాన్నిస్తుంది, దాచుకోవడమెందుకు!

అయితే వెన్నెల ఆయన ఒక్కరిదే కాదు. దర్శకుడు కె.వి. రెడ్డి షూటింగుకు ముందే నటులచేత రిహార్సల్సు చేయించి, స్టాప్‌వాచి పెట్టి, ఏ సన్నివేశానికి ఎంత ఫిల్ము పడుతుందో లెక్క కట్టేవారు. నటుడు ఎక్కడ నిలబడతాడో, ఎప్పుడు తిరుగుతాడో ముందే తెలిస్తే లైటు ఎక్కడ పెట్టాలో కెమేరామన్‌కు తెలుస్తుంది. తెలియకపోతే అన్ని మూలలా లైట్లు పెట్టి అంతటినీ వెలిగించడం తప్ప దారి లేదు. మన నాటకాల వీడియోలలో జరుగుతున్నది సరిగా ఇదే.

ఇక కళా దర్శకులు గోఖలే, కళాధర్. నలుపు తెలుపు ఫిల్ముకు రంగులు బూడిద ఛాయలుగానే కనిపిస్తాయి. ఎరుపు చీర, ఆకుపచ్చ గోడ కంటికి వేరైనా ఫిల్ము మీద ఒకే బూడిదగా కలిసిపోవచ్చు. అందుకని గోడకు రంగు వేసేవాడు, చీర ఎంచేవాడు, ముఖానికి మేకప్ వేసేవాడు, లైటు పెట్టేవాడు ముందే కలిసి మాట్లాడుకోవాలి. ద్వారకా నగరాన్ని తలచుకోండి. 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో 300 దాకా బొమ్మ ఇళ్ళు కట్టి దీపాలు పెట్టారు. బొమ్మ ఇంట్లో దీపం ఒక చుక్క పెద్దదైతే నగరం బొమ్మల కొలువైపోతుంది. వడ్రంగి, ఎలక్ట్రీషియన్, కెమేరామన్ ఒక్క మాట మీద లేనిదే అది సాధ్యం కాదు.

2010 జనవరిలో ఈ చిత్రాన్ని రంగులు వేసి, కొన్ని భాగాలు తగ్గించి, మళ్ళీ విడుదల చేశారు. మన పిల్లలలో చాలామంది చూసినది అదే. ధ్వనిని బాగు చేశారు, పిల్లలు చివరిదాకా కదలకుండా చూశారు. ఆ మేలు కాదనము. కాని మా అభిప్రాయంలో పడవ పాటకు అది మేలు చేయలేదు. గోఖలే గోడలు, బార్ట్‌లే లైట్లు, ఆనాటి మేకప్ అన్నీ బూడిద ఛాయల కోసం కుదుర్చుకొన్న ఒడంబడిక. ఆ ఒడంబడికలో లేని రంగును యాభై ఏళ్ళ తరువాత మీద పూశారు. ఇప్పుడు కంటికి ముందు చీర రంగు తగులుతుంది, వెలుగు ఆ తరువాత. ఛాయాగ్రహణం నేర్చుకోదలచినవారు నలుపు తెలుపు ప్రతినే చూడాలి. ఒకసారి పాట వినకుండా, శబ్దం తీసేసి, నీళ్ళను మాత్రమే చూడండి.

రామభజన వీడియోల సంగతి కూడా చెప్పక తప్పదు. భజనలో నడుమ దీపస్తంభం, దాని చుట్టూ తిరిగే భక్తులు. ముఖాలకు వెలుగు ఆ దీపం వైపు నుండి రావాలి. ఈ మధ్య చూసిన ఒక వీడియోలో ద్వారం దగ్గర పెద్ద తెల్లని ఎల్.ఇ.డి. లైటు నేరుగా దీపం మీదికి పెట్టారు. ముఖాలన్నీ సున్నం కొట్టినట్టున్నాయి, దీపం వెలుగుతున్నదో లేదో తెలియలేదు, తాళం వేస్తున్న తాతగారు కళ్ళు చికిలించి మొగం తిప్పుకొన్నారు. తీసిన అబ్బాయి పనిమంతుడే. అతని ఫోకసులో తప్పు లేదు. దీపం ఎక్కడ పెడతారో, ఎటునుండి ఎటు తిరుగుతారో భజన పెద్దను ముందు రోజే అడిగి ఉంటే, అదే లైటును మందిరం తెల్లగోడ వైపు తిప్పి, తగ్గించి పెట్టేవాడు. గోడ మీద పడి వచ్చిన మెత్తని వెలుగులో ముఖాలూ కనిపించేవి, దీపమూ కనిపించేది.