కఱ్ఱయు రూకల సంచియు

సుమారు క్రీ.శ. 200లో కూర్చబడిన మిష్నాలో, యూదుల ధర్మవిధుల నడుమ, ఒక చిన్న వృత్తాంతమున్నది. యెరూషలేము దేవాలయము క్రీ.శ. 70లో పాడైన పిమ్మట యబ్నెలో కూడిన న్యాయసభకు రెండవ గమలీయేలు అధిపతి. పౌలు గురువైన గమలీయేలునకు మనుమడు. నెలపొడుపు చూచితిమన్న సాక్షుల మాటను ఆయన అంగీకరించెను. మరునాటి రాత్రి చంద్రుడు కనబడలేదు గనుక అది అబద్ధసాక్ష్యమని రబ్బీ యెహోషువ తలంచెను. అంతట, యెహోషువ లెక్కచొప్పున ప్రాయశ్చిత్తార్థ దినమగు నాడే కఱ్ఱయు రూకల సంచియు పట్టుకొని తనయొద్దకు రావలెనని గమలీయేలు ఆజ్ఞాపించెను. పరిశుద్ధదినమున రూకలు ముట్టుటయే పాపము గదా! యెహోషువ మిక్కిలి నొచ్చుకొనెను, అయినను వెళ్లెను. గమలీయేలు లేచి ఆయన తలను ముద్దుపెట్టుకొనెను.

చదువరులారా, యెహోషువ లెక్క తప్పని మిష్నా ఎక్కడను చెప్పదు. ఈ కథకు అదే ఘనత. పొరపాటు తెలిసి లోబడుట సులువు. ఆయన తన లెక్క విడువకయే, జనులు రెండు పండుగలుగా చీలిపోకుండునట్లు లోబడెనని నా తలంపు.

పెద్దలకు లోబడుడని బోధించు మేము సాధారణముగా కథను ఇక్కడనే ఆపుదుము. బబులోను తల్మూదు ఆపలేదు. అదే గమలీయేలు మరల యెహోషువను సభలో నిలువబెట్టి అవమానపరచగా, సభవారు సహింపక ఆయనను అధికారమునుండి తొలగించిరి. తరువాత ఆయన క్షమాపణ కోరుచు యెహోషువ యింటికి వెళ్లెను. గోడలు మసిబారియుండెను. ఈ పండితుడు బొగ్గులు కాల్చి బ్రదుకుచున్నాడని అధిపతికి అప్పుడే తెలిసినది. యెహోషువ తొలుత ఆలకింపలేదు. తన తండ్రి నిమిత్తమైన క్షమించుమని వేడుకొనగా సమాధానపడెను.