సాక్షిగా నాటిన సీడర్ మొక్క

అడవిలో కొన్ని రకాల చెట్ల వేరు కొసను భూతద్దం కింద పెట్టి చూస్తే సన్నని తొడుగు ఒకటి కనిపిస్తుంది. అది శిలీంధ్రం అల్లిన పొర. దాని నుంచి మట్టిలోకి పాకే పోగులు నీటినీ, నత్రజనినీ, భాస్వరాన్నీ చెట్టుకు అందిస్తాయి. చెట్టు తన ఆకులు తయారుచేసిన చక్కెరలో వాటికి వాటా ఇస్తుంది. ఈ పొత్తుకు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ 1885లో మైకోరైజా అని పేరు పెట్టాడు.

ఒకే శిలీంధ్రం రెండు చెట్లతో పొత్తు కలిపితే, ఒకదాని ఆహారం రెండోదానికి చేరుతుందా? చేరుతుందని 1980లలో బ్రిటన్‌లో డేవిడ్ రీడ్ బృందం ప్రయోగశాలలో చూపింది. ఆరుబయట అడవి నేలలో ఆ లెక్క తేల్చే పనిని సుజాన్ సిమార్డ్, సహచరులు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తలకెత్తుకున్నారు. 1997 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ప్రయోగంలో ఫలితం కన్నా పనితనమే నన్ను ఎక్కువగా కట్టిపడేస్తుంది.

పేపర్ బర్చ్, డగ్లస్ ఫర్, వెస్టర్న్ రెడ్ సీడర్ మొక్కలను పక్కపక్కనే పెంచారు. బర్చ్‌కూ ఫర్‌కూ గాలి చొరబడని సంచులు తొడిగి, గుర్తుగా ఒకదానికి కార్బన్-13, మరొకదానికి కార్బన్-14 ఉన్న బొగ్గుపులుసు వాయువు ఎక్కించారు. కొన్నాళ్లాగి మొక్కలను పెరికి, ఏ గుర్తు ఎక్కడ తేలిందో కొలిచారు. ఒకే గుర్తు వాడి ఉంటే ఇచ్చింది తెలిసేది, పుచ్చుకున్నది తెలిసేది కాదు. రెండు గుర్తులు ఉండబట్టే ఒకే జంటలో రాకపోకలు రెండూ తెలిశాయి, మిగులు ఎవరిదో తేలింది.

సీడర్ ఎందుకు? దాని వేళ్లతో పొత్తు కలిపే శిలీంధ్రాల తెగ వేరు, ఆ రెండింటి పోగులతో దానికి సంబంధం లేదు. కార్బన్ మట్టిలోకి ఊరి అందరికీ అందుతుంటే సీడర్‌లోనూ బాగా కనబడాలి. కనబడింది కొద్దిగానే. అంటే ఎక్కువ భాగం పోగుల దారినే నడిచి ఉండాలి. ఫర్‌కు మిగిలింది, అది ఆకులతో పీల్చుకున్న గుర్తు కార్బన్‌లో సగటున 6 శాతం. నీడ కప్పిన ఫర్ మొక్కలకు మరింత చేరింది.

సీడర్ వేరే జాతి కనుక దాని సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుందని తర్వాత విమర్శకులు అడిగారు. ఆ పత్రం రచయితల్లో ఒకరైన మెలనీ జోన్స్ 2023లో జస్టీన్ కార్స్ట్, జేసన్ హోక్సెమాలతో కలిసి, అడవుల్లో ఈ పోగుల వల గురించి ప్రచారంలో ఉన్న చాలా మాటలకు చాలినంత ఆధారం లేదని రాశారు. తాను చెయ్యి వేసిన పని మీద కట్టిన కథలను తానే గీటురాయి మీద పెట్టడం శాస్త్రానికి అసలైన మర్యాద. చెట్లు మాట్లాడుకుంటాయని ఆ 1997 పత్రం అనలేదు. కొలిచింది చెప్పింది, ఎలా కొలిచిందో దాచకుండా చెప్పింది. అందుకే దానితో వాదించడం సాధ్యమైంది, అందుకే అది ఇప్పటికీ చదవదగ్గ పని.