అయిదో పావు

రెస్టారెంటు మెనూ కార్డుని సాహిత్య విమర్శకులు పట్టించుకోరు. కథ, కవిత, నవల, మహా అయితే సినిమా. ఏది పాఠం, ఏది కాదు అన్న ఆ గీత గీసింది వాళ్ళే. తిండి పేరు మీద ఊరి బయటికి నెట్టబడ్డవాళ్ళకి తిండి గురించి అచ్చయిన ప్రతి కాగితమూ చదవాల్సిన పాఠమే. అందుకే ఈ వ్యాసం.

మొన్న మేం నలుగురం పరిశోధక మిత్రులం జూబ్లీహిల్స్‌లో ఒక ఖరీదైన ఇటాలియన్ రెస్టారెంటుకి పోయినం. మాలో ఒకరికి పిహెచ్.డి. వచ్చింది. వాళ్ళింట్లో కాలేజీ మొహం చూసిన మొదటి మనిషి. పార్టీ ఎక్కడ అంటే, "ఏడేండ్లు గ్రాంసీని చదివినం. ఆయన దేశపోళ్ళ కూడు ఎట్లుంటదో చూద్దాం పాండ్రి" అన్నడు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మా చెప్పులకేసి ఒకసారి చూసి లోపలికి పంపిండు. డబ్బుంటే ఎవరైనా పోవచ్చు, నగరంలో కులమెక్కడుంది అని వాదించే మిత్రులకి ముందుగా ఇదే చెప్పాలి. అవును, లోపలికి పోనిచ్చారు. అసలు సంగతి టేబుల్ దగ్గర మొదలైంది.

మెనూ కార్డు నిండా పేదరికమే. రైతుల వంట, పల్లెటూరి పద్ధతి, అమ్మమ్మ చేతి చారు, ఇట్లాంటి మాటలే ఇంగ్లీషులో. ఒక్కో మాట పక్కన వందల రూపాయలు. పోలెంతా 850 రూపాయలు. పెద్ద తెల్ల ప్లేటు నడుమ పసుప్పచ్చగా ముద్దగా వచ్చింది. మాలో ఇద్దరివి కరీంనగర్ వైపు ఊళ్ళు. చెంచా పెట్టకముందే గుర్తుపట్టినం. మక్క గటక! బియ్యం దొరకని దినాల్లో మా అవ్వలు మక్కలు ఇసిరి, ఎసట్ల పోసి, కలిపి కలిపి చేసిన గటక. దీంట్ల వెన్న, జున్ను ఎక్కువ. రాత్రి ఫోన్‌లో చెబితే మాలో ఒకరి తల్లి "గటకల మజ్జిగ పోసుకుంటరు గని, గన్ని పైసలు వెట్టి గదేం తిండి బిడ్డా" అన్నది. మేం రాయబోయే దానికన్నా అదే మంచి విమర్శ.

కార్డులో రాయని సంగతి ఒకటుంది. మొక్కజొన్న అమెరికా ఖండం నుంచి యూరప్‌కి వచ్చిన గింజ. ఉత్తర ఇటలీ భూస్వాములకి అది బాగా కలిసొచ్చింది. గోధుమ అమ్మకానికి, మొక్కజొన్న కూలోడి కడుపుకి. 18, 19 శతాబ్దాల్లో వెనెతో, లొంబార్దీ ప్రాంతాల్లో పూటపూటా పోలెంతా తప్ప ఇంకోటి దొరకని పేద రైతులకి పెల్లాగ్రా జబ్బు పట్టింది. ఎండ తగిలిన చోటల్లా తోలు నల్లబడి పగిలేది. విరేచనాలు, తర్వాత మతి చెడటం, చివరికి చావు. ఆ జబ్బుతో మతి చెడినవాళ్ళు పిచ్చాసుపత్రులకి చేరేవాళ్ళు. మెక్సికో మూలవాసులు మక్కల్ని సున్నపు నీళ్ళల్లో ఉడికించి తినేవాళ్ళు. అట్లా చేస్తే గింజలోని నియాసిన్ ఒంటికి పడుతుంది. యూరప్ గింజని పట్టుకుపోయింది గాని దాన్ని పండించినవాళ్ళ తెలివిని పట్టించుకోలేదు.

ఇదేదో దూరదేశపు కథ అనుకోవద్దు. 1960లో హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో పనిచేస్తున్న సి. గోపాలన్, ఆయన సహచరుడు ఇదే పెల్లాగ్రాని దక్కన్‌లో జొన్నల మీదే బతికే పేదల్లో చూసి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్‌కీ ఈ జబ్బుకీ ముడి ఉందని రాశారు. మా తాతల కాళ్ళ మీది పగుళ్ళలో ఏది ఎండదో, ఏది ఆకలిదో మాకిప్పుడు తెలిసే దారి లేదు. 850 రూపాయల గటక తింటూ మేం మాట్లాడుకున్నది ఇదే.

రిజోట్టో సంగతీ అంతే. పో నది లోయలో, వెర్చెల్లి మాగాణుల్లో మోకాళ్ళ లోతు నీళ్ళల్లో వంగి కలుపు తీసిన ఆడకూలీలని మొందీనే అంటారు. 1949లో వచ్చిన 'రీజో అమారో' సినిమా, అంటే 'చేదు బియ్యం', వాళ్ళ గురించే. కార్డులో బియ్యం రకం పేరుంది, వాళ్ళ పేరు లేదు. మన దగ్గరా ఇది మామూలే కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాం.

మేం ఎక్కువసేపు ఆగిపోయింది కార్డులో లేని ఒక వంట దగ్గర. రోము నగరంలో తెస్తాచ్చో అనే పేట ఉంది. 19వ శతాబ్దం చివర అక్కడ పెద్ద కబేళా కట్టారు. 1975 దాకా నడిచింది. పశువుని నాలుగు పావులు చేస్తే మంచి కండంతా డబ్బున్న ఇళ్ళకి పోయేది. మిగిలిన తోక, పేగులు, పొట్ట, గుండె కబేళా పనివాళ్ళకి, ఒక్కోసారి కూలి కిందే దక్కేవి. దాన్ని 'క్వింతో క్వార్తో' అన్నారు. అయిదో పావు. నాలుగు పావుల లెక్కలోకి రాని పావు. ఎద్దు తోకని టొమాటో, సెలెరీ కాడలతో గంటల తరబడి ఉడికించే కూర పేరు 'కోదా అల్లా వచ్చినారా'. (తెలుగులో చదివితే ఇంటికొచ్చినవాళ్ళని పలకరించినట్టుంది.) వచ్చినారి అంటే పశువుల్ని కోసి తోలు ఒలిచే పనివాళ్ళు. మా మాటల్లో చెప్పాలంటే 'మాదిగోళ్ళ తోక కూర'. ఆ పనివాళ్ళ పేరు దాచకుండా, ఆ పేరుతోనే రోము హోటళ్ళలో దాన్ని అమ్ముతారు.

అయిదో పావు అనంగనే మాకు ఇంకో అయిదు గుర్తొచ్చింది. నాలుగు వర్ణాల లెక్కలోకి రానివాళ్ళకి పెట్టిన పేరు పంచములు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ఆ పేరు మాకొద్దు, మేం ఆది ఆంధ్రులం అని తేల్చింది.

స్టీవర్డుని అడిగినం, తోక కూర చేస్తారా అని. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులోకి దిగిండు. "బీఫ్ పెట్టం సార్. ఫ్యామిలీలు వస్తరు." ఈ ఒక్క వాక్యం మీద పత్రం రాయొచ్చు. 1977 నాటి చట్టం ఆవుని కొయ్యొద్దంది. వయసుడిగిన దున్నని సర్టిఫికెట్టుతో కోయడానికి ఒప్పుకుంది. అయినా ఆయన చట్టం పేరు ఎత్తలేదు, ఫ్యామిలీ పేరు ఎత్తాడు. ఇదే నగరంలో కల్యాణి బిర్యానీ పొట్లం కట్టించుకుపోయి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని తినేవాళ్ళు ఫ్యామిలీలు కారన్నమాట! దూడ కాలితో చేసే ఓస్సో బూకో మాత్రం ఉంది, మేక కాలితో. ఇటలీ కూడా ఈ గడప తొక్కాలంటే ముందు శుద్ధి చేసుకోవాలి.

పక్క టేబుల్ మీద శాకాహార కుటుంబం. మాంసం ముట్టిన గరిట తగిలిందేమోనని ఒక ప్లేటు వెనక్కి పంపించారు. కొత్త ప్లేటు మీద జున్ను తురుము ధారాళంగా పడింది. పార్మిజానో రెజ్జానో తయారీ నియమం ప్రకారం పాలు విరిచేది దూడ పొట్టలోంచి తీసిన రెనెట్‌తోనే. మా తురుము ఎక్కడిదని అడిగితే సర్వరు "ఒరిజినల్ సార్, ఇటలీదే" అన్నడు గర్వంగా. మేం పక్క టేబుల్‌కి చెప్పలేదు. చెప్పాల్సింది అని మాలో ఒకరు. మా టిఫిన్ డబ్బాల మీద వాళ్ళు పెట్టిన నిఘా మనం వాళ్ళ ప్లేట్ల మీద పెట్టొద్దు అని ఇంకొకరు. ఈ వాదం ఇంకా తెగలేదు.

వామపక్ష మిత్రులు దీన్ని వర్గం లెక్కలోనే సర్దేస్తారు. పేదల తిండిని మార్కెట్టు ఎత్తుకుపోయింది, అక్కడా ఇక్కడా అంతే అంటారు. సగం నిజం. తెస్తాచ్చో కబేళా కూలీని చిన్నచూపు చూసి ఉంటారు, కానీ అతను ముట్టినందుకు తోక మైలపడలేదు. అందుకే అతని కూర పెద్దింటి బల్ల దాకా నడిచి రాగలిగింది. 1948లో వచ్చిన 'ద అన్‌టచబుల్స్'లో అంబేడ్కర్ అంటరానితనానికీ గొడ్డుమాంసానికీ ఉన్న ముడిని విప్పి చూపారు. ఆ ముడి ఉన్నంతకాలం మా బోటి కూర ఎంత రుచైనా వారసత్వ వంట కాలేదు. ఉస్మానియాలో 2012 ఏప్రిల్‌లో జరిగిన పెద్దకూర పండుగలో పెట్టింది ఉత్త బిర్యానీ. దాని మీద గొడవ చేసి, ఒక విద్యార్థిని కత్తితో పొడిచారు.

అట్లాగని ఇటలీని నెత్తిన పెట్టుకోం. ఇప్పుడు అక్కడి పొలాల్లో, డెయిరీల్లో వేలమంది పంజాబీ కూలీలున్నారు. వాళ్ళలో రవిదాసియాలూ ఉన్నారు. 2024 జూన్‌లో లాతినా దగ్గర ఒక పంజాబీ కూలీ చేయి యంత్రంలో పడి తెగిపోతే, యజమాని ఆసుపత్రికి చేర్చకుండా ఇంటి ముందు వదిలేసి పోయాడు. ఆ మనిషి బతకలేదు.

మరి బోటిని జూబ్లీహిల్స్ కార్డులో పెట్టించడమా మా కోరిక? ఇక్కడ మాలో మాకే తేడాలున్నాయి. మరాఠ్వాడా దళితుల వంటల మీద షాహూ పాటోళే పుస్తకం 2015లో మరాఠీలో, 2024లో ఇంగ్లీషులో వచ్చింది. తెలుగులో అట్లాంటిది రావాలి, వంట పద్ధతులతో సహా, చేసిన ఆడవాళ్ళ పేర్లతో సహా అన్నది మాత్రం నలుగురి మాట. మొదలుపెట్టినం. తునకలు ఎండబెట్టే పద్ధతి మూడు జిల్లాల నుంచి రాసుకున్నం.

డాక్టరేటు వచ్చిన మిత్రుడు వచ్చే ఆదివారం వాళ్ళ బస్తీలో ఇంకో పార్టీ పెట్టిండు. తోక కూర, మక్క గటక. వాళ్ళమ్మ ఎంతమంది వస్తరో లెక్క చెప్పమంటున్నది. మా గైడ్‌గారిని కూడా పిలిచినం. ఆయన మాంసం తినరు. గటక తినొచ్చు గదా సార్ అన్నం. చూద్దాం అన్నరు.