పితూరీకి ఒక్కటే కారణమా?

టీచర్ ట్రైనింగ్‌లో మనం చదివిన మనోవిజ్ఞానంలో ప్రవర్తనావాదులు మనిషి నడతను ఉద్దీపన, ప్రతిస్పందనలుగా విడగొడతారు. గెస్టాల్ట్ వాదులు మొత్తం ఆకృతిని చూడమంటారు. ఈ తేడా మన మన్యం చరిత్రలోనే తెలుస్తుంది.

1922 ఆగస్టు 22న మనవాళ్లు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద ఎందుకు పడ్డారు? అల్లూరి సీతారామరాజు మహిమలు నమ్మి అమాయకులు వెంట నడిచారని కొందరు తేల్చేస్తారు. రాజు పుట్టింది 1897లో. కల్లు మీద చిగురుపన్ను భరించలేక రంప జనం 1879లోనే తిరగబడ్డారు. అది ఎవరి మహిమ? ఆ తర్వాత 1882 అటవీ చట్టం పోడుకు అడ్డొచ్చింది. నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ వెట్టి చేయించాడు. ముఠాదారుల హక్కులు తరిగిపోయాయి. ఇన్ని బాధలకు రాజు నాయకత్వం తోడైంది.

కారణాలను విడదీసి చూడాల్సిందే. కానీ ఒక్కటే ఉంచుకుని మిగతావి పారేస్తే, మన తాతలకు సొంత ఆలోచనే లేదన్నట్టవుతుంది.

తరగతిలోనూ అంతే. పిల్లవాడి పేరు ఎదుట ‘ఆసక్తి లేదు’ అని రాసేముందు వాడి ఇంటి భాష, నడిచొచ్చే దారి, పోడు పనుల కాలం కూడా చూద్దాం.