పూర్వకథయందు హేతువిచారము: 'బెటర్ కాల్ సాల్' నాటకము

కథ యెట్లు ముగియునో ముందే తెలిసియుండఁగా నా కథను జూచుటవలనఁ బ్రయోజనమేమి? ఈ ప్రశ్న మనకుఁ గ్రొత్తది కాదు. రామాయణ భారతకథల నెఱుఁగనివారు లేని దేశమున నాటకకర్త లా కథలనే మరల మరల గ్రహించిరి. దశరూపకకర్త నాటకవస్తువును బ్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూఁడు తెఱఁగులుగా విభజించెను. ప్రఖ్యాతవస్తువునందు సామాజికుని కుతూహలము 'ఏమి జరుగును?' అను ప్రశ్నను విడిచి 'ఏల జరిగెను?' అను ప్రశ్నకు మరలును. ఈ మరలుట సులభమైనది కాదు. అమెరికాదేశపు టెలివిజన్ నాటక మొకదానిఁ గూర్చి ప్రేక్షకులు ఏండ్లతరబడి చేసిన వాదములను బరిశీలింపఁగా, నేర్పరులైన ప్రేక్షకులు సైత మిందు రెండు చోట్లఁ దొట్రుపడి రని నాకుఁ దోఁచినది. ఆ రెండింటిని జూపుటయే యీ వ్యాసమున కుద్దేశము.

విన్స్ గిల్లిగన్ సృష్టించిన 'బ్రేకింగ్ బ్యాడ్' అను ధారావాహికనాటకము 2008 మొదలు 2013 వఱకుఁ బ్రసారమయ్యెను. న్యూ మెక్సికో రాష్ట్రమున ఆల్బకర్కీ నగరమందలి రసాయనశాస్త్రోపాధ్యాయుఁ డొకఁడు మత్తుమందు తయారుచేయువాఁడై నశించుట దాని యితివృత్తము. 2009లో వచ్చిన యొక యంకమున సాల్ గుడ్‌మన్ అను న్యాయవాది ప్రవేశించెను. ధనమిచ్చినవారి కెట్టి యుపాయమునైనఁ జెప్పువాఁడు. చూపఱకు నవ్వు పుట్టించువాఁడు. అంతకుమించి యతని గుఱించి యెవ్వరికిని దెలియదు. అతని పూర్వవృత్తాంతమును జెప్పుటకై గిల్లిగన్, పీటర్ గూల్డ్ అను నిరువురు గల్పించిన నాటకమే 'బెటర్ కాల్ సాల్'. ఇది 2015 మొదలు 2022 వఱకు 6 భాగములుగా 63 అంకములతో నడచినది. ఇందు బాబ్ ఓడెన్‌కర్క్ నాయకపాత్రమును, రియా సీహార్న్ కిమ్ వెక్స్‌లర్ అను నాయికాపాత్రమును ధరించిరి.

నాయకుని యసలు పేరు జిమ్మీ మెక్‌గిల్. యౌవనమున నితఁడు ఇలినాయిస్ రాష్ట్రమున సిసిరో పట్టణమునందుఁ జిల్లర మోసములతోఁ గాలము గడపినవాఁడు. అన్నయగు చక్ పేరొందిన న్యాయవాది. అతఁడు తమ్ముని జెఱనుండి విడిపించి, తన న్యాయవాదసంస్థలో నుత్తరములు పంచు పనియందు నిలిపెను. జిమ్మీ యెవ్వరికిని దెలుపక తపాలామూలమున న్యాయశాస్త్రమును జదివి న్యాయవాది యయ్యెను. అట్టివాఁడు సాల్ గుడ్‌మన్ అగుట యెట్లు? కిమ్ ఏమైనది? ఈ రెండు ప్రశ్నలే వాదములకు మూలము.

మొదటి తొట్రుపాటు కిమ్ విషయమునఁ గలిగినది. ఆమె జిమ్మీకిఁ బ్రియురాలు, పిమ్మట భార్య, సమర్థురాలగు న్యాయవాది. పూర్వనాటకమున నామె పేరైనను వినఁబడదు. కావున నామె మరణించి తీఱవలయు నని పెక్కండ్రు ప్రేక్షకులు నిశ్చయించికొని, ప్రతిభాగాంతమునను భయపడుచుండిరి. భాట్టమీమాంసకు లనుపలబ్ధిని బ్రమాణముగా నంగీకరించిరి గాని, యోగ్యానుపలబ్ధియే ప్రమాణమని నియమించిరి. వెలుఁగున్న నేలపై ఘటము కానరానిచో లేదని చెప్పవచ్చును. చీఁకటిగదిలోఁ గానరానిచో లేదనరాదు. పూర్వనాటకమున సాల్ మనకుఁ దన కార్యాలయమునను, కక్షిదారుల నడుమను గానవచ్చును. అతని యిల్లు మనకుఁ జీఁకటిగది. అచ్చటఁ గానరానంతమాత్రమునఁ గిమ్ లేదని యూహించుట తర్కము కాదు, భయము మాత్రమే.

నాటకకర్త లీ చీఁకటిని జక్కఁగా నుపయోగించికొనిరి. 2022 నాటి యంకమొకదానియందుఁ గిమ్ విడాకుల పత్రములపై వ్రాలు చేయుటకు సాల్ కార్యాలయమునకు వచ్చును. వెలుపల వానలోఁ బూర్వనాటకపాత్రమగు జెస్సీ యామెతో మాటాడును. పూర్వకథ గడపవఱకు వచ్చి యామె మరలిపోయినది. ఆమె మరణింపలేదు. లాలో సలమాంకా యను క్రూరుఁడు, తాము పరువు తీయఁజూచిన హోవర్డ్ హామ్లిన్‌ను దమ కన్నులయెదుటనే చంపిన తరువాత, నామె న్యాయవాదవృత్తిని విడిచి, భర్తను విడిచి, ఫ్లోరిడాకుఁ బోయి యొక చిన్న యుద్యోగమున వెలుఁగు లేని బ్రదుకు బ్రదికినది. ఆమెకు దండన మరణము కాదు. తాను బ్రేమించిన వృత్తిని దానే త్యజించుట. ఇది మరణముకంటెఁ దక్కువది యని యెవ్వ రనఁగలరు?

జిమ్మీయే కిమ్‌ను జెఱచెనను వాదము నాకు సమ్మతము గాదు. 2020 నాటి భాగాంతమున హోవర్డ్‌ను భ్రష్టుఁ జేయు తలంపును ముందు వెల్లడించినది కిమ్మే. విని కలవరపడినవాఁడు జిమ్మీ. ఆమె బాల్యమునఁ దల్లి యంగడిలోఁ గర్ణభూషణములను దొంగిలించిన ఘట్టమును నాటకకర్తలు చూపిరి. లాలో బ్రతికియున్నాఁడని తెలిసియు భర్తకుఁ జెప్పకుండుటకుఁ గారణము, చెప్పినచో నా యాట యాఁగిపోవునను భయమే యని యామెయే యొప్పికొనును. ఇంత స్పష్టముగా నొప్పికొనినదాని పాపమును వేఱొకని నెత్తిన వేయుట, యామెకు గౌరవముగాదు, అవమానము.

రెండవ తొట్రుపాటు మఱింత సూక్ష్మమైనది. జిమ్మీ పతనమునకుఁ గారణ మన్నయే యని యొక పక్షము. వారి సాక్ష్యము బలమైనదే. తమ్మునిఁ దన సంస్థలోఁ జేరనీయనివాఁడు హోవర్డ్ కాఁడు, తెరచాటున నున్న చక్కే యని 2015లోనే తేలినది. పుట్టుకతోనే జిమ్మీ యట్టివాఁడని రెండవ పక్షము. లోకమున నున్నవి తోఁడేళ్లును గొఱ్ఱెలును మాత్రమే యని వంచకుఁ డొకఁడు చెప్పఁగా విని, బాలుఁడైన జిమ్మీ తండ్రి యంగడిపెట్టెనుండి సొమ్ము తీసిన ఘట్టమును వారు చూపుదురు. అన్న పత్రములందు 1216 అను సంఖ్యను 1261గా దిద్ది, పిదప న్యాయస్థానమున నతని మనోవ్యాధిని బయల్పెట్టి భంగపఱచుటను గూడఁ జూపుదురు.

ఈ యుభయపక్షముల కడుగున నొకే పొరపాటు గలదు. హేతువు జ్ఞాపక మనియుఁ గారక మనియు ద్వివిధము. పొగ నిప్పును దెలుపును గాని పుట్టింపదు. జిమ్మీ సాల్ అగునని పూర్వనాటకము మనకుఁ దెలిపినది, అది జ్ఞాపకహేతువు. ప్రేక్షకులు దానినే కారకముగా భావించి, యతని ప్రతిచేష్టయు నా తుదకు విధిచే లాగఁబడినట్లు చూచిరి. అట్లు చూచినపు డొకరు విధికి 'అన్న' యనియు, నింకొకరు 'పుట్టుక' యనియుఁ బేరు పెట్టిరి, అంతియే భేదము. మన మెఱిఁగియుంటిమి గాని జిమ్మీ యెఱుఁగఁడు. ఆ క్షణమున నతని యెదుట రెండు త్రోవ లుండెను. చక్ అగ్నిలో మరణించిన పిమ్మట, నా మృతికిఁ దానే కారణమని హోవర్డ్ కుమిలిపోవుచుండఁగాఁ, దన పాలు నెఱిఁగియు నా భారమును హోవర్డ్‌పైననే యుంచినవాఁడు జిమ్మీ. అచ్చట నన్నయు లేఁడు, బాల్యమును లేదు, ఎన్నుకొనినవాఁ డతఁడే.

ఈ విషయమును నాటకమే తుదియంకమున సూచించుచున్నది. కాలయంత్ర మున్నచో నేమి మార్తు వని జిమ్మీ మైక్ అను ననుచరుని నడుగును. మైక్ ఫిలడెల్ఫియాలో రక్షకభటుఁడై యుండి లంచము గొన్నవాఁడు. ఆ కారణముననే తుదకుఁ గుమారునిఁ గోల్పోయినవాఁడు. అతఁడు మొదటఁ గొడుకు చచ్చిన దినమును జెప్పి, వెంటనే దానిని దిద్దుకొని, తాను దొలిసారి లంచము గొనిన దినమును జెప్పును. ఫలమును విడిచి కారకమును బట్టుకొనుట యిదియే. జిమ్మీ మాత్రము ధనమును గూర్చియే మాటాడి తప్పించుకొనును. పిమ్మట వచ్చు పూర్వస్మృతిలోఁ జక్ తమ్ముని గూర్చుండి మాటాడు మనును, జిమ్మీ నిలువఁడు. త్రోవ నచ్చనిచో మరల వచ్చుట సిగ్గుగా దని యన్న పలుకును. అన్న చేయి చాఁచినాఁడు, తమ్ముఁ డందుకొనలేదు. ఇంకొక దినమునఁ దమ్ముఁడు చాఁపఁగా నన్న యందుకొనలేదు. ఉభయులును స్వతంత్రులే కావున నుభయులును దోషులే.

ఇఁక ముగింపు. పట్టుపడిన జిమ్మీ తన వాక్చాతుర్యముచే శిక్షను 7 సంవత్సరములకుఁ దగ్గించుకొనును. హోవర్డ్ విషయమునఁ గిమ్ తన పాలును దానే యొప్పికొన్నదని యెఱిఁగినమీఁదట నామెను న్యాయస్థానమునకు రప్పించి, యామె వినుచుండఁగాఁ దన నేరముల నన్నింటిని జెప్పి 86 సంవత్సరముల శిక్ష పొందును. కిమ్ మెప్పునకై యాడిన కడపటి నాటకమే యిది యని కొందఱు ప్రేక్షకులు శంకించిరి. శంక యుక్తమే, అతఁడు బ్రదుకంతయు నటించినవాఁడు. కాని యచ్చట నతఁ డన్న మరణమును గూర్చియుఁ జెప్పెను. చక్ వృత్తి చెడునట్లు భీమాసంస్థకు వార్త చేరవేసి యతని ప్రాణముమీఁదికిఁ దెచ్చితి నని యొప్పికొనెను. అది శిక్షార్హమగు నేరమే కాదని ప్రక్కనున్న న్యాయవాదియే తెలుపును. చట్ట మడుగనిదానిని, లాభ మియ్యనిదానిని జెప్పుటయే యా పలుకు సత్యమనుటకుఁ జాలిన సాక్ష్యము. వెంటనే యతఁడు సాల్ అను పేరును విడిచి, యన్నతోడఁ దనకు సమానమైన మెక్‌గిల్ నామమును మరలఁ గోరెను. కిమ్ మెప్పును గోరలేదని నే ననను. ఆ కోరిక యతనిని సత్యమునకుఁ జేర్చెననుచున్నాను.

ఈ నాటకమున దోషములు లేకపోలేదు. మత్తుమందు వర్తకుఁడగు గస్ ఫ్రింగ్‌నకును లాలోకును జరిగిన పోరునందు 'ఎవ్వఁడు బ్రతుకును?' అను ప్రశ్ననే కర్తలు ముందిడిరి. పూర్వనాటకమున గస్ సజీవుఁడని మన మెఱుఁగుదుము గావున నచ్చటి భయము పై పూఁత మాత్రమే. అందుకుఁ బ్రతిగా నదే కథాభాగమున నాచో పాత్రము సఫలమైనది. అతనిపేరు 2009 నాటి యంకమున సాల్ భయముతోఁ బలికిన యొక్క మాటలో మాత్రమే యున్నది. ఆ బీజమునుండి కర్తలు, తండ్రి ప్రాణమును గాపాడుటకై తన ప్రాణమును దానే విడిచిన యొక కొడుకును సృజించిరి. అచ్చటఁ బ్రశ్న 'ఏమగును?' అనునది కాదు, 'ఎవనికొఱకు?' అనునది. 'ఏల' యని యడిగినచోట నీ రచన గెలిచినది; 'ఏమి' యని యడిగినచోట నోడినది.

తుది తెలిసిన కథను జదువువా రెల్లరు నీ భేదమును మనసునం దుంచుకొనవలయును. తుది మన కెఱుక. పాత్రములకు నెఱుక కాదు. మన యెఱుకను వారి నుదుటివ్రాఁతగాఁ జేసితిమేని, వారి పాపమును మాత్రమే కాదు, వారి పశ్చాత్తాపమును గూడ మనము హరించినవార మగుదుము. 86 సంవత్సరముల శిక్షను దానై కోరుకొన్నవాని కట్టి యన్యాయము చేయుట విమర్శధర్మము గాదని నా మనవి.